కాలవ ముందా, కమాను ముందా?

ప్రశ్న: తిరుపతిలో కొండకింద ఉన్న ఒక కాలనీలో ఇరవై రెండేళ్ళుగా కాపురం ఉంటున్నాము. నేను ఉపాధ్యాయురాలిగా పనిచేసి రిటైరయ్యాను. వాన గట్టిగా పట్టినప్పుడల్లా కొండనీళ్ళు మా వీధి కాలవలోకి దిగి, అది చాలక రోడ్డెక్కుతాయి. దిగువ వరసలోని రేకుల ఇళ్ళలోకి మోకాలిబంటి నీళ్ళు వస్తాయి. ఈమధ్య కాలనీ మొదట్లో స్వాగత కమాను కట్టడానికి, పార్కు గోడకు రంగులు వేయడానికి ప్రతిపాదన సిద్ధమైందని తెలిసింది. కమాను వద్దని కాదు, ముందు కాలవ వెడల్పు చేయమని మా కోరిక. వెళ్ళి అడిగితే "కాలవ ఎస్టిమేటులో లేదమ్మా" అన్నారు. ఎస్టిమేటులో ఏముండాలో తేల్చేటప్పుడు మమ్మల్ని ఎవరూ అడగరా? ఏనాడూ ఇంటి పన్ను బాకీ పెట్టని మాకు ఆ డబ్బు దేనికి వెచ్చించాలో చెప్పే హక్కు ఉందా? ఉంటే ఎవరితో, ఎప్పుడు చెప్పాలి? చిత్తూరు దగ్గర పల్లెలో ఉండే మా అన్నయ్య "మాకు గ్రామసభయినా ఉంది, మీకు అదీ లేదు" అని ఎగతాళి చేస్తాడు. తీరా చూస్తే ఆ సభ రిజిస్టరు ఇంటికే వచ్చి సంతకాలు పెట్టించుకుని పోతుందట. ఆయన పెట్టవచ్చునో లేదో కూడా చెప్పండి.

— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో "ఎస్టిమేటులో లేదమ్మా" అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. స్థానిక సంస్థల లెక్కలు తనిఖీ చేసే ఉద్యోగంలో జీవితంలో సగం గడిపినవాణ్ణి కనుక ఆ మాటలో ఎంత నిజం ఉందో నాకు తెలుసు. అది చెప్పిన ఉద్యోగి అబద్ధమాడలేదు, బహుశా మిమ్మల్ని తప్పించుకోవాలనీ అనలేదు. అంచనా వేసి, మంజూరై, టెండరు పిలిచిన పనిలో కొత్తగా పది మీటర్ల కాలవ చేర్చడం ఆయన చేతిలో ఉండదు. మన ఊళ్ళలో జనం ప్రభుత్వ ఖర్చు గురించి నోరు విప్పేది మాత్రం దాదాపు ఎప్పుడూ ఆ దశలోనే: కంకర దిగాక, జేసీబీ వచ్చాక, కొబ్బరికాయ కొట్టాక. ఆ తర్వాత ఎంత న్యాయంగా అడిగినా అది ఫిర్యాదుల పుస్తకంలోకి పోతుందే గాని పద్దుల పుస్తకంలోకి రాదు. మీ కాలవ పద్దులోకి ఎక్కాలంటే మీరు ఆరు నెలలు ముందుకు జరగాలి. నేను చెప్పబోయేదంతా ఆ జరగడం ఎలాగన్నదే.

ముందు హక్కు సంగతి. ఖర్చును నిర్ణయించే ఓటు మీకు లేదు, అది పాలకమండలిది. కమిషనరు తయారు చేసిన బడ్జెట్ స్టాండింగ్ కమిటీకీ, అక్కడి నుంచి కౌన్సిల్‌కూ వెళుతుంది. ఎన్నికైన మండలి ఉన్నప్పుడు తిరుపతి డివిజన్ల కార్పొరేటర్లు దాన్ని ఆమోదిస్తారు. మీకున్నది మీ మాట వినిపించే హక్కు, లెక్క చూసే హక్కు, వేసిన పనిని కొలిచి చూసే హక్కు. వీటిని తక్కువగా అనుకోకండి. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ పాలనను జనానికి దగ్గర చేయాలనే వచ్చింది. అందులోని 243ఎస్ అధికరణం ప్రకారం 3 లక్షలు, అంతకు పైబడి జనాభా ఉన్న పురపాలికలలో వార్డు కమిటీలు ఏర్పాటు చేయాలి. 2011 జనాభా లెక్కలలో తిరుపతి నగర జనాభా 2,87,035. మన ఊరు ఆ గీతకు పదమూడు వేల మంది దూరంలో ఆగిపోయిందన్నమాట. రోజూ కొండకు వచ్చిపోయే యాత్రికులను ఎవరూ ఆ లెక్కలో కలపరు గాని, వాళ్ళు వాడే నీళ్ళు, వేసే చెత్త, నడిచే రోడ్లు మాత్రం మన పద్దులోవే. సరే, ఆ అధికరణం ఒక్కటే దారి కాదు. రాష్ట్ర పురపాలక చట్టాలలోనూ వార్డు కమిటీలకు, వాటికింద ఏరియా సభలకు చోటు ఉంది. మీ డివిజనులో అవి ఉన్నాయా, ఉంటే చివరిసారి ఎప్పుడు కూర్చున్నాయి, చేసిన తీర్మానాలేమిటి అన్న మూడు ప్రశ్నలను రాతపూర్వకంగా అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. జవాబు "లేవు" అని వచ్చినా ఆ కాగితం మీకు పనికొస్తుంది. "కమిటీ ఉంటే అక్కడే చెప్పేవాళ్ళం, లేదు గనుక కౌన్సిల్‌కే రాస్తున్నాం" అనడానికి అది ఆధారం.

ఎన్నికైన మండలి ఎప్పుడూ ఉంటుందని కూడా అనుకోవద్దు. తిరుపతి 2007లో కార్పొరేషను అయినా దానికి తొలి ఎన్నికలు 2021 మార్చిలో గాని జరగలేదు. పద్నాలుగేళ్ళు ప్రత్యేకాధికారుల పాలనే నడిచింది. అలాంటి రోజుల్లో కౌన్సిల్ చేసే పని ప్రత్యేకాధికారి సంతకంతోనే జరిగిపోతుంది గనుక మీ ప్రతిపాదన నేరుగా ఆయనకూ కమిషనరుకూ పోవాలి. అడిగేందుకు కార్పొరేటరు లేడని ఊరుకుంటే ఆ ఏడు బడ్జెట్ మీ వీధిని చూడకుండానే దాటిపోతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. కమాను డబ్బు ఏ సంచిలోంచి వస్తోందో మీరు రాయలేదు. బహుశా మీకు తెలిసి ఉండదు, అడిగితే చెప్పేవాళ్ళూ తక్కువే. కానీ ఈ సంగతి తేలకుండా ఎవరిని కదిలించినా ఫలితం ఉండదు. కార్పొరేషను సొంత రాబడి ఒక సంచి: ఇంటి పన్ను, నీటి చార్జీలు, ట్రేడు లైసెన్సులు, ఇళ్ళ ప్లాన్లకు కట్టే రుసుములు. దీన్ని సాధారణ నిధి అంటారు. మీరు కట్టే పన్ను పడేది ఇందులోనే. జీతాలకు, పారిశుధ్యానికి, వీధిదీపాల కరెంటు బిల్లులకు పోగా మిగిలిన దానిలోంచే కొత్త పనులు చేయాలి. ఆ మిగులు మీదే కౌన్సిల్‌కు నిజమైన స్వేచ్ఛ ఉంటుంది, మీ ప్రయత్నమూ దానిమీదే గట్టిగా పని చేస్తుంది.

రెండో సంచి కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు. 2021-26 కాలానికి 15వ సంఘం పెట్టిన నిబంధన ప్రకారం మన స్థాయి నగరాలకు వచ్చే గ్రాంటులో 60 శాతం తాగునీరు, వాననీటి సంరక్షణ, పారిశుధ్యం, ఘన వ్యర్థాల వంటి వాటికే వాడాలి. మిగిలిన 40 శాతాన్ని జీతభత్యాలకు తప్ప ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు. 2026 ఏప్రిల్ నుంచి 16వ సంఘం కాలం మొదలైంది గనుక ఈ ఏటి గ్రాంటుకు ఏ షరతులున్నాయో లెక్కల విభాగంలో అడిగి తెలుసుకోండి. షరతు తెలిసిన పౌరుడు అడిగే తీరే వేరుగా ఉంటుంది. "మా కాలవ చేయండి" అనడానికీ, "షరతుల్లేని గ్రాంటులో ఈ ఏడు ఎంత మిగిలింది, అందులో మా కాలవకు చోటుందా" అనడానికీ మధ్య తేడాను ఎదుటివాడి కుర్చీ కూడా గమనిస్తుంది.

వీటికి బయట ఇంకా సంచులున్నాయి. పార్లమెంటు సభ్యుడికి ఏటా 5 కోట్ల నిధి ఉంటుంది. ఆయన సిఫారసు చేస్తారు, జిల్లా యంత్రాంగం మంజూరు చేస్తుంది. తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ తుడా తన పనులు తాను చేస్తుంది. స్మార్ట్ సిటీ పనులకు విడిగా ఒక కంపెనీయే పెట్టారు. అక్కడ తీర్మానం చేసేది కార్పొరేటర్లు కాదు, డైరెక్టర్ల బోర్డు. శ్రీనివాస సేతు సంగతి చూడండి. 2023 సెప్టెంబరులో తెరిచిన ఆ వంతెనకు ఖర్చులో పెద్ద వాటా తితిదే భరించింది, మిగిలింది స్మార్ట్ సిటీ కంపెనీది. కార్పొరేషను బడ్జెట్ పుస్తకం ముందు పెట్టుకుని వెతికితే ఆ వంతెన పూర్తి లెక్క దొరకదు. తితిదే డబ్బు మీద ఊరికి హక్కుందనుకునే వాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు. 2023లో తితిదే పాలకమండలి తన బడ్జెట్‌లో ఒక శాతం తిరుపతి అభివృద్ధికి ఇవ్వాలని తీర్మానించినా దానికి రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం దొరకలేదు. భక్తుల కానుకలు వీధి కాలవలకు వాడవచ్చా అన్నది పెద్ద వివాదం. మీ కాలవను ఆ వివాదంతో ముడిపెట్టవద్దనే నా సలహా. అది తేలేలోపు మరో పది వానకాలాలు వెళ్ళిపోతాయి.

కమాను ఎవరైనా ప్రజాప్రతినిధి నిధితోనో, దాత ఇచ్చిన డబ్బుతోనో వస్తోందని తేలితే దాన్ని ఆపి ఆ డబ్బు కాలవకు మళ్ళించమనడం వృథా ప్రయాస. పైగా కమాను కోరుకున్న ఇరుగుపొరుగుతో విరోధం. అప్పుడు కమానును దాని దారిన పోనిచ్చి, కాలవను సాధారణ నిధిలో అడగండి. సాధారణ నిధితోనే కమాను కడుతున్నారని తేలితే మాత్రం మీ ప్రశ్న నిలువునా నిలబడుతుంది. ఒకే సంచిలోని ఒకే రూపాయి రెండు పనులకు పోటీ పడుతున్నప్పుడు ఏది ముందన్నది అడగడానికి మీకన్నా తగినవాళ్ళు లేరు.

ఎప్పుడు అడగాలన్నదానికి మన ఊరి వాతావరణమే ఒక చిత్రమైన సహాయం చేస్తుంది. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది గనుక ముందటి చలికాలంలోనే కొత్త బడ్జెట్ అంకెలు పోగుపడతాయి. ఇంజనీర్లు తమ డివిజన్లలో పనుల జాబితాలు రాసుకునేది ఆ రోజుల్లోనే. మన వైపు ఈశాన్య రుతుపవనాలు కుమ్మరించేది కూడా అక్టోబరు, నవంబరు, డిసెంబరులలోనే. 2021 నవంబరు వానలు మీకు గుర్తుండే ఉంటాయి, వీధులన్నీ ఏర్లయ్యాయి. అంటే మీ కాలవ పొంగే రోజులూ, వచ్చే ఏటి పద్దు రాసే రోజులూ ఒకటే. అయినా జనం నవంబరులో నీళ్ళు తోడుకుంటారు, జనవరిలో ముగ్గులు వేసుకుంటారు, మేలో ఎండకు పగిలిన ఖాళీ కాలవను చూపించి అర్జీ ఇస్తారు. మేలో ఏ ఇంజనీరుకు ఆ కాలవ చిన్నదిగా కనిపిస్తుంది చెప్పండి? నీళ్ళు పొంగిన రోజే ఫొటో తీయండి, తేదీ, వేళ కనిపించేలా. నీరు ఎంతవరకు వచ్చిందో ఇంటి గోడ మీద సుద్దతో గీత గీయండి. ఆ గీతను వాన వెలిశాక టేపుతో కొలవండి.

టేపు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే జనం అర్జీకీ ఇంజనీరు ఎస్టిమేటుకూ మధ్య అఖాతం అక్కడే ఉంది. "మా కాలవ చాలా ఇరుకుగా ఉంది, దయతో బాగు చేయగలరు" అన్న అర్జీని ఇంజనీరు చదువుతాడు, పక్కన పెడతాడు. దానిలో ఆయన పట్టుకోవడానికి ఏమీ లేదు. ఒక ఆదివారం పొద్దున్న ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని ముప్ఫై మీటర్ల టేపుతో కాలవ మొదటి నుంచి చివరిదాకా నడవండి. ప్రతి కరెంటు స్తంభం దగ్గర ఆగి వెడల్పు, లోతు, అడుగున పేరుకున్న మట్టి మందం రాసుకోండి. ఎక్కడ కాలవ మీద ర్యాంపు కట్టి మూసేశారో, ఎక్కడ తాగునీటి పైపు అడ్డంగా పోతోందో గుర్తు పెట్టండి. అలా నడిచినవాళ్ళు తరచు ఒక వింత చూస్తారు. ఎగువన రెండడుగుల వెడల్పున్న కాలవ దిగువకు వచ్చేసరికి అడుగున్నర అవుతుంది, దిగువ ఇళ్ళవాళ్ళు గట్టు జరుపుకోవడం వల్ల. ఆ గట్టు జరిపిన ఇల్లు మనదే కావచ్చు. ఆ సంగతి కొలతల కాగితంలో దాచకుండా రాయండి. దాచితే సర్వేకు వచ్చిన మనిషి మొదట చూసేది అదే, ఆ తర్వాత మీరు చెప్పిన మరే అంకెనూ నమ్మడు.

నేను తనిఖీకి వెళ్ళిన ఒక ఊళ్ళో, పేరు ఎందుకులెండి, కొత్తగా కట్టిన సిమెంటు కాలవలో నీళ్ళు ఎదురు నడిచేవి. వాలు తప్పుగా వేశారు. నీరు పల్లమెరుగు అన్నారు గాని ఎస్టిమేటు పల్లమెరగదు. ఆ వీధి మలుపులో పూలు కట్టుకునే ముసలామె నన్ను పిలిచి, "అయ్యా, నీళ్ళు ఇటు కాదు, అటు పోతాయి, చిన్నప్పటినుంచీ చూస్తున్నా, నన్నెవరడిగారు?" అంది. నా తనిఖీ నివేదికలో ఆ ఖర్చు మీద అభ్యంతరం రాశాను. కాలవ మాత్రం అలాగే ఉంది. అభ్యంతరం రాస్తే కాలవ వాలు మారదు కదా. ఆమెను పని మొదలుకాకముందు ఒక్క పూట నిలబెట్టి అడిగి ఉంటే ఆ డబ్బు మిగిలేది.

ఆ ముసలామె వంటి వాళ్ళ కోసమే మీకొక మాట కొంచెం కటువుగా చెప్పాలి. "మా కోరిక" అని రాశారు. ఎవరి కోరిక? కాలనీ సంక్షేమ సంఘాల సమావేశాలకు వచ్చేది సొంత ఇళ్ళవాళ్ళు, అందులోనూ రిటైరైన మగవాళ్ళు. అద్దెకున్నవాళ్ళు రారు. నీళ్ళు ఇళ్ళలోకి వచ్చే రేకుల ఇళ్ళవాళ్ళు ఆ సాయంత్రం పనిలో ఉంటారు. కమాను కావాలన్నవాళ్ళు కూడా కాలనీలో ఉండే ఉంటారు, లేకపోతే ఆ ప్రతిపాదన ఎక్కడ పుట్టింది? కౌన్సిల్ ముందుకు పోయేముందు మీ వీధిలోనే ఒక చిన్న బడ్జెట్ సభ పెట్టండి. మీ దిగువ వరసలో పొదుపు సంఘాలుంటాయి, వాటికి పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా తరఫున ఒక ఆర్పీ (రిసోర్స్ పర్సన్) ఉంటుంది. ఆమెను ముందుగా కలిసి, ఆ సంఘాల ఆడవాళ్ళకు వీలయ్యే రాత్రి ఎనిమిది గంటల వేళ, గుడి మండపంలోనో బడి ఆవరణలోనో కూర్చోండి. ఒక్కొక్కరికి మూడు చింతగింజలివ్వండి. కాలవ, కమాను, పార్కు గోడ, వీధిదీపాలు, ఇంకా ఎవరైనా చెప్పిన పనులకు ఒక్కొక్క గిన్నె పెట్టి వేయమనండి. నవ్వులాటగా ఉంటుంది గాని, పూర్తయ్యేసరికి మీ చేతిలో ఒక వరస ఉంటుంది, అది ఎలా వచ్చిందో చూసిన అరవై మంది సాక్షులు ఉంటారు. కాలవ గెలుస్తుందని మాత్రం ముందే అనుకోకండి. ఒకవేళ వీధిదీపాలు గెలిస్తే దాన్నే మొదట రాసే నిజాయితీ మీకుండాలి. అది లేకుంటే మీరూ ఎస్టిమేటు రాసేవాళ్ళ పక్కనే కూర్చున్నట్టు.

ఇలాంటి కసరత్తు మనం కొత్తగా కనిపెట్టినది కాదు. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరం 1989లో పేటలవారీగా జనసభలు పెట్టి నగర పెట్టుబడి ఖర్చు వరసను వాళ్ళచేతే తేల్చడం మొదలుపెట్టింది. కేరళ 1996లో రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో మూడోవంతుకు పైగా స్థానిక సంస్థలకు వదిలిపెట్టి గ్రామసభల్లో వాటిని చర్చకు పెట్టింది. పుణె కార్పొరేషను 2006 నుంచి బడ్జెట్‌కు ముందే పౌరుల దగ్గర పనుల ప్రతిపాదనలు ఫారాలమీద తీసుకుంటోంది. అక్కడ రోడ్డు పక్క బెంచీ దగ్గర్నుంచి బస్ షెల్టరు దాకా చిన్న పనులకు ఆ దారి తెరిచారు. మీరు కౌన్సిల్‌కు రాసే ఉత్తరంలో పుణె మాట ఒక వాక్యం చేర్చండి. పోర్టో అలెగ్రె అంటే ఎవరూ తల ఎత్తరు, పుణె అంటే "అక్కడ చేస్తే మనమెందుకు చేయకూడదు" అని కనీసం ఒక కార్పొరేటరైనా అంటారు.

కాగితం ఎవరికివ్వాలి? వార్డు సచివాలయంలో రోడ్లు, కాలవల వంటి వసతుల పని చూసే అమెనిటీస్ సెక్రటరీకి మొదట చూపించండి. ఆ పదవులు 2019 అక్టోబరులో వచ్చాయి, ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్ళలో చాలామంది వయసులో చిన్నవాళ్ళు. మీ కొలతలు చూసి సంతోషించేవాళ్ళు వాళ్ళే. తర్వాత డివిజను ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు), కార్పొరేటరుకు, కమిషనరుకు తలా ఒక ప్రతి ఇచ్చి, మీ ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వడం మంచిదే గాని, అక్కడ మీ అర్జీ "సమస్య"గా నమోదవుతుంది, "పరిష్కరించబడినది" అని ఒక సందేశంతో ముగిసిపోయే ప్రమాదం ఉంది. పూడిక తీయించి పరిష్కారం అయిందనవచ్చు. అందుకని ఉత్తరం పైన "వచ్చే ఆర్థిక సంవత్సరపు బడ్జెట్ అంచనాలలో చేర్చుటకు ప్రతిపాదన" అని విషయం స్పష్టంగా రాయండి. కార్పొరేటరును మాత్రం ఇంటికి పిలిచి, వాన రోజున, కాలవ పక్కన నిలబెట్టి మాట్లాడండి. స్టాండింగ్ కమిటీలోనో కౌన్సిల్‌లోనో ఆ పేరు ఆయనో ఆమెనో ఎత్తితేనే అది అజెండాలోకి వస్తుంది. బడ్జెట్ సమావేశం రోజున సభ్యులకు పుస్తకం చేతికిచ్చి గంటలో ఆమోదం తీసుకోవడం నేను చాలా ఊళ్ళలో చూశాను. ఆ గంటలో మీ వీధి పేరు చదివే మనిషి ఒకరుండాలి, ఆ మనిషికి పేజీ సంఖ్య కూడా మీరే రాసిచ్చి ఉండాలి.

పని మంజూరైతే మీ పాత్ర అయిపోలేదు, అక్కడ సమాచార హక్కు చట్టం 2005 మీ చేతికి వస్తుంది. పది రూపాయల రుసుముతో అడిగితే ఎస్టిమేటు ప్రతి, ఒప్పందం, ఎం.బుక్కు ప్రతులు 30 రోజుల్లో ఇవ్వాలి. ఎం.బుక్కు అంటే జరిగిన పనిని కొలిచి రాసే పుస్తకం. బిల్లు దాన్నిబట్టే చెల్లిస్తారు. జవాబు రాకపోతే అదే కార్యాలయంలో పై అధికారికి 30 రోజుల్లో మొదటి అప్పీలు చేసుకోవచ్చు. ఆ చట్టం రెండో సెక్షనులో చాలామంది చదవని ఒక మాట ఉంది: పౌరుడు పనిని స్వయంగా తనిఖీ చేయవచ్చు, వాడిన సామగ్రికి ధ్రువీకరించిన నమూనా తీసుకోవచ్చు. కాలవతో పాటు వీధిలో సిమెంటు రోడ్డు కూడా వేశారనుకోండి. పొడవు 180 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, మందం ఎస్టిమేటులో 15 సెంటీమీటర్లు. కాంక్రీటు 108 ఘనపు మీటర్లు కావాలి. మందం 12 సెంటీమీటర్లే వేస్తే 86.4 తో సరిపోతుంది. 21.6 ఘనపు మీటర్లు, అంటే బిల్లులో అయిదోవంతు, వేయకుండానే కరిగిపోయినట్టు. మూడు సెంటీమీటర్లు రోడ్డు మీద నడిచేవాడికి కనపడవు. వేస్తున్న రోజు అంచుకు చెక్క బిగించినప్పుడు ఆ చెక్క ఎత్తు కొలిస్తే కనపడతాయి. ఆ పూట మీ టేపు తీసుకుని వీధిలో ఊరికే నిలబడండి. ఎవరితోనూ గొడవ పడనక్కర్లేదు, టేపు చేతిలో ఉంటే చాలు.

ఇక మీ అన్నయ్యగారి సంగతి. ఆయన ఎగతాళిలో సగం నిజం ఉంది. గ్రామసభ రాజ్యాంగంలోనే ఉన్నది, 243ఎ అధికరణం. పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివాళ్ళూ దానిలో సభ్యులే, ఎవరూ పిలవనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 1994 ప్రకారం పంచాయతీ లెక్కలు, ఆడిట్ నివేదిక, ఆ ఏటి పనుల కార్యక్రమం, కొత్త పన్నుల ప్రతిపాదనలు ఆ సభ ముందు పెట్టాలి. ఏటా అక్టోబరు 2న మొదలుపెట్టే ప్రజా ప్రణాళిక కార్యక్రమంలో వచ్చే ఏటి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికను సభలోనే తయారు చేసి ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో పెట్టాలి. ఆ పోర్టల్‌లో ఆయన తన పంచాయతీ పేరు ఎంచుకుంటే ఏ పనికి ఎంత రాశారో, ఎంత ఖర్చయిందో ఫోనులోనే చూడవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. గ్రాంటుకు నగరానికి చెప్పిన 60, 40 వాటాలే 2021-26లో పల్లెకూ ఉన్నాయి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీలలో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. సభలు జరపడం చేతకాక కాదని ఆ రోజు తేలింది. కాబట్టి మిగిలిన రోజుల్లో రిజిస్టరు ఇంటింటికీ తిరగడానికి వేరే కారణం చెప్పలేరు. పంచాయతీ స్థాయిలో సమాచార హక్కు దరఖాస్తుకు మన రాష్ట్రంలో రుసుము కూడా లేదు. కిందటి మూడు గ్రామసభల తీర్మానాల ప్రతులు అడగమనండి, ఆయన సంతకం ఏ పని కింద ఉందో ఆయనే చూసుకుంటారు.

రిజిస్టరు మళ్ళీ ఇంటికి వస్తే సంతకం పెట్టనని తలుపు వేయనక్కర్లేదు. పల్లెలో ఆ తలుపు మళ్ళీ తెరవవలసి వస్తుంది. రిజిస్టరు చేతిలోకి తీసుకుని పై పేజీలో తీర్మానాలు రాసి ఉన్నాయా, ఖాళీగా ఉందా చూడమనండి. ఖాళీగా ఉంటే రాసి తెచ్చాక పెడతానని చెప్పి, తెచ్చిన మనిషికి మజ్జిగ ఇచ్చి పంపమనండి. రాసి ఉంటే పూర్తిగా చదివి, సంతకం పక్కన తేదీ, వేళ వేసి, "ఇంటి వద్ద చేసిన సంతకం" అని నాలుగు మాటలూ విడమరిచి రాయమనండి.